వేలపు పాటలో విదేశ ద్రవ్యము

వేలము పాట యననేమో మీకు నేను చెప్పఁ బనిలేదు. గుంటూరు మిర్చి యార్డును, అనకాపల్లి బెల్లపు బజారును, నిజామాబాదు పసుపు మార్కెట్టును చూచినవారు మీలో ననేకు లుందురు. ఊరి చెఱువులోని చేఁపలకును, దేవాలయ మాన్యపు కౌలునకును పాట పెట్టుట మన మెఱిఁగినదే. సరకు కన్నుల యెదుట నుండును. పాటదారులు చుట్టు చేరుదురు. హెచ్చుపాట పాడినవానికి సరకు దక్కును. అయితే సరకునకు మాఱుగా డబ్బునే యెదుట పెట్టి, వారమువారము వేలము వేసిన దేశ మొకటి కలదు. ఆఫ్రికా ఖండపు దక్షిణభాగమునఁ గల జింబాబ్వే యను దేశమది. ఆ వేలము ఎట్లు జరిగెనో, వర్తకులకును సంసారులకును దానివలన నేమి కలిగెనో ఈ సాయంకాలము మీకు విన్నవించెదను.

ముందుగా నా చిన్ననాఁటి ముచ్చట యొకటి చెప్పవలసి యున్నది. నేను హైస్కూలులో చదువుచున్న దినములలో మా తండ్రిగారు రెండెకరములు పొగాకు వేసిరి. ఒక వ్యాపారి వచ్చి ఆకు చూచి, మెచ్చి, మంచి ధర కట్టి, ఒక చీటీ వ్రాసి యిచ్చెను. ఆ రాత్రి మా యింట పండుగయే. కాని చీటీ వచ్చినది గాని డబ్బు రాలేదు. మా తండ్రిగారు పదిమార్లు తిరిగిరి. మరల నారు పోయుకాలము వచ్చిన తరువాత డబ్బు చేతఁబడినది. అప్పటికి ఎరువు ధర పెరిగినది, అప్పునకు వడ్డీ పెరిగినది. “ధర బాగున్నదిరా, డబ్బే బాగులేదు” అని ఆయన నవ్వుచు ననిన మాట నేఁటికిని నా చెవులలో నున్నది. పొగాకు బోర్డువారి వేలము కేంద్రములు మా ప్రాంతమునకు వచ్చినది ఆ పిమ్మటనే. జింబాబ్వే కథ విన్నప్పుడు నాకు మొట్టమొదట జ్ఞాపకము వచ్చినది ఆ చీటీయే.

ఇఁక కథకు వత్తము. ఏ దేశమైనను తనకు లేని వస్తువును పొరుగుదేశము నుండి కొనవలయును. అమ్మువాఁడు మన నోటు పుచ్చుకొనఁడు. తన నోటు నైన, లోకమంతట చెల్లు డాలరు నైన కోరును. ఆ డాలర్లు మన సరకును పై దేశములకు అమ్మినఁగాని రావు. లేదా మన బిడ్డలు పరదేశములో సంపాదించి పంపినఁగాని రావు. జింబాబ్వేలో బంగారము కలదు, ప్లాటినము కలదు, మేలైన పొగాకు కలదు. అయితే పెట్రోలు, మందులు, యంత్రములు, వంటనూనెకు వలయు ముడిసరకులు పైనుండి రావలసినవే. కాఁబట్టి వచ్చెడి డాలర్లు కొన్ని, వానిని కోరువారు పెక్కుమంది.

ఆ దేశపు నోటునకు పూర్వము గొప్ప అపఖ్యాతి కలిగినది. 2008వ సంవత్సరమున ధరలు ఉదయము నొకటి, సాయంకాలము నొకటిగా పెరిగినవి. 2009 జనవరిలో ఒకటి ప్రక్క పదునాలుగు సున్నలు గల నోటు నచ్చువేసిరి. ఆ యేఁటనే ప్రజలు ఆ నోట్లను వదలి అమెరికా డాలర్లతోను, దక్షిణాఫ్రికా ర్యాండులతోను బేరసారములు సాగించుకొనిరి. పదేండ్లు గడచిన పిదప, 2019 ఫిబ్రవరిలో ప్రభుత్వమువారు తమ స్వంత డాలరును మరల నిలువఁబెట్టి, అమెరికా డాలరు ఒకటికి తమవి రెండున్నర యని మొదలిడిరి. 2020 మార్చి నాఁటికి అది ఇరువది యైదు. ఆ యిరువది యైదు కూడ కాగితము మీఁది ధరయే. ఆ ధరకు డాలరు దొరకుట దుర్లభము.

ఈ స్థితిలో 2020 జూను 23వ తేదీ మంగళవారమునాఁడు అచ్చటి రిజర్వు బ్యాంకువారు మొదటి వేలము జరిపిరి. అది నోటిపాట కాదు, వ్రాఁతపాట. డాలర్లు కావలసిన వర్తకుఁడు తన బ్యాంకునకు పోయి, ఇన్ని డాలర్లు కావలయును, ఒక్కొక్క దానికి ఇంత యిత్తును అని వ్రాసి యీయవలెను. ఏ సరకు కొనుటకో ఆ సరకు పట్టీ చూపవలెను. చెల్లింపవలసిన స్వదేశ ద్రవ్యము ముందే ఖాతాలో నుండవలెను. బ్యాంకులన్నియు ఆ పాటలను రిజర్వు బ్యాంకునకు పంపును. అచ్చట హెచ్చుపాట మొదలుకొని క్రిందికి, డాలర్లు ముగియువఱకు పంచుదురు. దీనికి వారు డచ్చి వేలమని పేరు పెట్టిరి.

చిన్న లెక్కతో చెప్పెదను. బ్యాంకు చేత నూరు డాలర్లున్న వనుకొందము. ఒకఁడు నలువది కోరి తొంబది చొప్పున పాడెను. రెండవవాఁడు నలువది కోరి ఎనుబది యైదు పాడెను. మూఁడవవాఁడు నలువది కోరి ఎనుబది పాడెను. మొదటి యిరువురకు కోరినంత దక్కును. మూఁడవవానికి మిగిలిన యిరువదియే దక్కును. ఎవరు పాడిన ధర వారే చెల్లింతురు. మొత్తము సొమ్మును నూఱింట భాగించినచో ఎనుబది యాఱు వచ్చును గదా! ఆ సగటే ఆ వారమునకు దేశమంతటికిని అధికారపు ధర.

మొదటి వేలములో సగటు ధర 57.36 వచ్చినది. అనఁగా, ముందునాఁటి ఇరువది యైదు ఎంత యసత్యమో ఒక్క దినములో తేలినది. ఆగస్టు ముగియునప్పటికి ధర ఎనుబది మూఁడు దగ్గఱ నిలిచినది. ఆ నెలలోనే చిన్న వర్తకులకు వేఱొక వేలము పెట్టిరి. పెద్ద కంపెనీల పాటలో చిన్న రొట్టె దుకాణము వాని గొంతు వినఁబడదు గదా! ఏ వర్గపు సరకుల కెన్ని డాలర్లు పోయెనో వారమువారము ప్రకటించిరి. ముడిసరకులకును యంత్రములకును అగ్రతాంబూల మిచ్చిరి. 2020 జూలైలో ఏఁటికి నూటికి 837 వంతున పెరుగుచుండిన ధరల పెంపు 2021 ఆగస్టు నాఁటికి నూటికి ఏఁబదికి దిగినది. ఇది సామాన్యమైన మేలు కాదు. వేలమును నిందింపఁబోవువారు ముందుగా ఈ మేలు నొప్పుకొనవలయును.

మఱి సంసారుల మాట యేమి? బిడ్డ పొరుగుదేశమున చదువుచున్నాఁడు. తల్లికి పైదేశపు మందు కావలసియున్నది. అట్టివారికి వేలములో నేరుగా పీట లేదు. వారికి డాలర్లు వచ్చు ముఖ్యమైన త్రోవలు రెండు. ఒకటి, దక్షిణాఫ్రికాలోనో ఇంగ్లండులోనో పనిచేయు అన్నయో చెల్లెలో పంపు సొమ్ము. ఇట్లు 2021లో వచ్చినది నూట నలువది కోట్ల డాలర్లకు పైమాటయే. రెండవది, వీధిలో డబ్బు మార్చువాఁడు. 2020 మార్చిలో, కరోనా జాడ్యము వ్యాపించిన వేళ, చేతనున్న డాలర్లతో దేశములోపల కొనుగోలు చేయవచ్చునని ప్రభుత్వము సమ్మతించెను. నాఁటినుండి ఇంటి అద్దెకును, బడిజీతమునకును డాలర్లే యడుగువా రెక్కువైరి. కాఁబట్టి పైదేశమున బంధువు గల యిల్లు గట్టెక్కినది. లేని యిల్లు వీధిధర చెల్లించినది.

వేలమున పెట్టు డాలర్లు ఎక్కడివి? ఇది మనము తప్పక యడుగవలసిన ప్రశ్న. పై దేశములకు సరకు నమ్మి డాలర్లు తెచ్చినవాఁడు అందులో కొంత భాగము రిజర్వు బ్యాంకునకు అప్పగింపవలెనని నిబంధన. 2021 జనవరిలో ఆ భాగము నూటికి నలువది యైనది. అప్పగించిన దానికి స్వదేశ ద్రవ్యము వేలపు ధర చొప్పున నిత్తురు. పొగాకు రైతునకు సయితము ఆ యేఁడు నూటికి అరువది పాళ్లే డాలర్లుగా ముట్టినవి. తక్కినది వేలపు ధర చొప్పున స్వదేశ ద్రవ్యము.

మరల చిన్న లెక్క. రైతు నూరు డాలర్ల ఆకు అమ్మెను. వేలపు ధర ఎనుబది యైదు, వీధిధర నూట యిరువది యైదు అనుకొందము. అప్పగించిన నలువదికి వానికి వచ్చినది మూఁడువేల నాలుగు వందలు. వాఁడు ఎరువు కొనవలెనన్న, అమ్మువాఁడు వీధిధర లెక్కించును. ఆ మూఁడువేల నాలుగు వందలకు వీధిలో వచ్చునది ఇరువది యేడు డాలర్లు. అనఁగా నూరు డాలర్ల పంట ఎనుబది యేడైనది. తక్కిన పదుమూఁడు డాలర్లు ఎవని యింటికిఁ బోయినవి? తక్కువ ధరకు వేలములో డాలరు పొందినవాని యింటికి. వారిలో సరకు తెచ్చి మేలు చేసినవా రున్నారు. పొందిన డాలరును వీధిలో నమ్మి కూర్చుండి తిన్నవారును ఉన్నారు. అట్టివారిని వేలమునుండి వెలివేయుచు బ్యాంకువారు పట్టీలు ప్రకటింపవలసి వచ్చినది.

వీధిధరకును వేలపు ధరకును అంత యెడము ఎందుకు వచ్చినది? నిజమైన వేలములో కోరువారు పెరిగినచో ధర పెరుగవలెను. ఇచ్చట నెలలకొలఁది కోరువారు పెరిగినను ధర కదలలేదు. ధర పెరిగినచో రొట్టె ధరయు మందు ధరయు పెరుగునని అధికారుల భయము. ఆ భయము నిష్కారణమైనది కాదు. 2008 నాఁటి యాకలిని మఱచిన యిల్లు ఆ దేశమున లేదు. అయితే ధరను పట్టి నిలిపిన కొలఁది, ఉన్న డాలర్లకు మించి కేటాయింపులు జరిగినవి. పాట గెలిచినవానికి గెలుపు దక్కినది గాని డాలరు దక్కలేదు. స్వదేశ ద్రవ్యము కట్టివేసి, వారములకొలఁది కాచుకొని యుండవలసి వచ్చినది. గవర్నరుగా నుండిన జాన్ మంగుద్యాగారే 2021లో ఈ బకాయిల సంగతి నొప్పుకొనిరి. మా తండ్రిగారి చీటీ వంటిదే ఇదియు! గెలిచిన పాటకు వెంటనే డబ్బు రాదని తెలిసిన వర్తకుఁడు ఏమి చేయును? వీధిధరకు డాలరు కొని సరకు తెచ్చును, ఆ ధరకే అమ్మును. వేలపు ధరకు మించి వెల కట్టువారికి జరిమానా యని 2021 మే నెలలో శాసనము చేసిరి. శాసనము వచ్చినది, దుకాణములోని సరకు వీధికి చేరినది. ఆ సంవత్సరము ముగియునప్పటికి వేలపు ధర నూట యెనిమిది. వీధిధర దానికి ఇంచుమించు రెట్టింపు.

ఆ పిదప కథ త్వరితముగ ముగిసినది. పట్టి నిలిపిన ధరను వదలక తప్పలేదు. 2024 ఏప్రిలు 5వ తేదీన క్రొత్త గవర్నరు జాన్ ముషయవన్హుగారు పాత డాలరును రద్దుచేసి, బంగారమును ఆధారముగాఁ గొని ‘జిగ్’ అను క్రొత్త ద్రవ్యమును ప్రకటించిరి. పాతవి 2,498కి పైగా చెల్లించిన ఒక జిగ్. ఆ లెక్కన అమెరికా డాలరునకు పాత ద్రవ్యము దాదాపు 33,900. మొదటి వేలము నాఁడు ఏఁబది యేడు. నాలుగేండ్లు నిండకమున్నే ముప్పది మూఁడు వేల తొమ్మిది వందలు! వేలపు పద్ధతికి స్వస్తి చెప్పి, మారకమును బ్యాంకుల నడుమ సంతకు విడిచిరి. ఆ క్రొత్త ద్రవ్యమును సయితము ఆ సెప్టెంబరు నెలలోనే నూటికి నలువది మూఁడు వంతున తగ్గింపవలసి వచ్చినది.

నేను ముప్పదేండ్లకు పైగా బడిపంతులుగా నుండినవాఁడను. ఇప్పుడు పింఛను మీఁద బ్రదుకువాఁడను. కాఁబట్టి నా మనస్సు ఆ దేశపు బడిపంతుళ్ల వైపునకు పోవును. 2018కి ముందు తమకు నెలకు ఐదు వందల డాలర్లకు పైఁబడిన జీతముండెడిదనియు, దానినే మరల నిప్పింపుఁడనియు వారి సంఘములు ఏండ్లకొలఁది మొఱపెట్టుకొన్నవి. వారు ఏ వేలములోను పాట పాడలేదు. ఏ డాలరును దాఁచలేదు. పిల్లలకు కూడికలు తీసివేతలు నేర్పుచుండఁగా, వారి జీతమునందే తీసివేత జరిగిపోయినది.

మన దేశమున నేఁడు సంసారులకు ఈ యగచాటు లేదు. మనుమఁడు పైదేశమున చదువుచున్నచో, బ్యాంకునకు పోయి కాగితములు చూపి, ఏఁటికి రెండున్నర లక్షల డాలర్ల వఱకు పంపవచ్చును. ధర ఏ దినమున కా దినము పెరుగుచుఁ దఱుగుచు నుండును. రూపాయి తగ్గినదన్న వార్త విని మనము నొచ్చుకొందుము. నొచ్చుకొనుట సహజమే. అయితే పత్రికలో వేసిన ధరకు బ్యాంకులో డాలరు నిజముగా దొరకుచున్నదా లేదా యని కూడ చూడవలయును. దొరకుచున్నచో ఆ ధర చేఁదైనను సత్యము.

వేలము చెడ్డది కాదు. పదుగురి యెదుట, వ్రాఁతమూలమున, ఒకే నియమముతో సాగు పాట పలుకుబడిగల వాని చాటుబేరము కంటె మేలు. కాని వేలమునకు రెండు ధర్మములున్నవి. సరకు ఎదుట నుండవలెను, పాటను పాడనీయవలెను. జింబాబ్వేలో మొదటి వారములందు ఈ రెండును నిలిచినవి, జనులు నమ్మిరి. పిదప రెండును సడలినవి. నమ్మకము వీధికి వెడలిపోయినది. మీరు ఊరి చెఱువు పాట పెట్టునాఁడు ఈ రెండు మాటలు జ్ఞాపకముంచుకొందురని నమ్మి, మీయొద్ద సెలవు గైకొనుచున్నాను.