విత్తునుండి ఎడారి గులాబి

పేరున గులాబియే గాని ఎడారి గులాబి గులాబి కాదు. మన పెరటి గన్నేరు, నందివర్ధనము, పొలముగట్టు జిల్లేడు దీని బంధువులు. శాస్త్రజ్ఞులు దీనిని అడీనియం అందురు. అరేబియా దక్షిణ భాగమును, ఆఫ్రికాలోని మెట్టభూములును దీని పుట్టినిండ్లు. వర్షములేని మాసములకై ఇది నీటిని మొదటి బోదెలో దాచుకొనును. కుండీలో ఏనుగుపాదమువలె ఉబ్బియుండు ఆ బోదెయే దీని అందము. కొమ్మ నాటినను మొక్క బ్రదుకును గాని ఆ ఉబ్బు చక్కగా రాదు. అందుచేతనే విత్తనమునకింత గిరాకి.

అయితే, పుష్యమాసమున విత్తితిమి, గింజలన్నియు కుళ్ళిపోయినవి అని చెప్పుకొనువారు మన గుంటూరు, ప్రకాశము జిల్లాలలో కొందరు గలరు. నేరము చలిది మాత్రమే కాదు, చలితో చేరిన తడిది. ఈ గింజ చురుకుగా మొలకెత్తుటకు 25 మొదలు 30 డిగ్రీలకు పైబడిన వెచ్చదనము కావలెను. గుంటూరు మైదానములలో ధనుర్మాసపు తెల్లవారుజామున ఉష్ణము 20 డిగ్రీలకు దిగువకు జారుట సామాన్యము. చల్లని మట్టిలో గింజ మొలవక జాగు చేయును. మనము ఆత్రముతో నీరు పోయుచుందుము. ఈలోపల బూజు దానిని తినివేయును. మిరప రైతునకు ఇది క్రొత్త సంగతి కాదు. నారుకుళ్ళునకు వెరచియే గదా ఆయన నారుమడిని ఎత్తుగా కట్టి, నీరు నిలువకుండ కాలువలు తీయును!

కావున తొందర వలదు. కల్లములలో మిరపపండ్లు ఎండు దినములు, అనగా మాఘము చివరినుండి చైత్రము వరకు, విత్తుటకు మేలైన కాలము. మట్టి విషయమున మాత్రము మన నేల గొప్పను మరువవలెను. పత్తికి తల్లియైన నల్లరేగడి దీనికి సవతితల్లి. తడిని పట్టుకొని విడువదు. రెండుపాళ్ళు ముతక ఇసుక, ఒకపాలు కడిగిన కొబ్బరిపొట్టు, కొద్దిగా బాగుగా మాగిన పశువుల ఎరువు కలిపిన చాలును. ఇసుక కృష్ణదైనను గుండ్లకమ్మదైనను సరియే; సముద్రతీరపు ఇసుక ఉప్పు గలది, తగదు.

గింజలను పడుకోబెట్టి, పైన పలుచగా ఇసుక చల్లవలెను. కుండీని నీటిపళ్ళెములో కొంతసేపుంచిన అడుగునుండి తడి ఎక్కును, పిమ్మట తీసివేయవలెను. తాజా గింజయైనచో వారము దినములలో మొలక కనబడును. పాత గింజను నమ్మరాదు. మొలకలు మొదలు మెత్తబడి వాలుచున్నచో, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి, మిరప నారునకు పోసినట్లే మొదట పోయవలెను. తరువాతి చలికాలమున ఆకులు రాలినచో మొక్క చచ్చినదని తలంపవలదు. బోదె గట్టిగా నున్నంతవరకు అది నిద్రించుచున్నదని గ్రహించి, నీరు బాగుగా తగ్గింపవలెను.

శీతల దేశములలో కాపురమున్న మన బిడ్డలకును ఇదే సూత్రము. అక్కడ వేసవిలో సైతము మట్టి చల్లగా నుండవచ్చును గనుక, విత్తు తట్ట క్రింద వేడినిచ్చు విద్యుత్ చాప పరచుదురు. శీతకాలమున మొక్కను ఇంటిలోని ఎండ కిటికీకడ ఉంచి, దాదాపు ఎండగట్టుదురు. గింజలు పంపదలచినవారు ఆ దేశపు నిబంధనలు ముందుగా విచారించుకొనుట మంచిది.

ఒక హెచ్చరిక. గన్నేరువలె దీని పాలును విషమే. ఆఫ్రికాలో వేటగాండ్రు బాణపు మొనలకు పూయుట కలదు. కొమ్మ కత్తిరించిన చేతులు సబ్బుతో కడుగవలెను. పసిపిల్లలకు, మేకలకు అందని చోట కుండీ నుంచవలెను.

ఇంటి మొక్క కాయకాచినచో, మేకకొమ్ములవంటి జంటకాయలు కనబడును. జిల్లేడు గింజకు ఒకవైపుననే దూదికుచ్చు. దీనికి రెండువైపులను ఉండును. పత్తికాయవలె పగిలినంతనే గాలికి ఎగిరిపోవును గావున ముందే దారము చుట్టవలెను. ఆ గింజల మొక్కలు తల్లిరంగు పూలనే పూయునన్న హామీ లేదు. ఎర్రనిదే కావలెనన్నవారు అంటుమొక్క కొనుటయే మేలు. మాకు మాత్రము, ఏ రంగు వచ్చునోయని ఏడాది ఎదురుచూచుటయే వేడుక.