అరకు సంతలో కళ్ళద్దాల కెమెరా



మన సంఘంలో సెలవుల ప్రస్తావన వస్తే అరకు మాట రాక మానదు. విశాఖ నుంచి అద్దాల బోగీ 2017లో మొదలయ్యాక ఆ సరదా మరీ పెరిగింది. బొర్రా గుహలు, కాఫీ తోటలు, చాపరాయి గెడ్డ, అన్నీ చూడదగ్గవే. కాని మనం చూడబోయేది కొండల్నా, మనుషుల్నా అని అడగదలచుకున్నాము.

సంతలో పసుపు, అల్లం, కొండచీపుళ్ళు ముందు పెట్టుకుని కూర్చున్న ఆడమనిషి ఎదుట పదిమంది ఫోన్లెత్తుతారు. బేరం ఒక్కరూ ఆడరు. ఇదివరకు కనీసం కెమెరా కంటికి కనిపించేది. ఇష్టం లేనివాళ్ళు మొహం తిప్పుకొనేవారు, కొంగు అడ్డం పెట్టుకొనేవారు. ఆ కాస్త వీలూ ఇప్పుడు పోతూంది. 2025 మే నెలలో మన దేశంలో అమ్మకానికి వచ్చిన రే-బాన్ మెటా కళ్ళద్దాల ఫ్రేములోనే కెమెరా ఉంటుంది. తీస్తున్నప్పుడు చిన్న దీపం వెలుగుతుంది, నిజమే. మిట్టమధ్యాహ్నపు ఎండలో దాన్ని కనిపెట్టేదెవరు? కనిపించినా దాని అర్థం ఆవిడకు ఎవరు చెప్పారు? 2024లో అమెరికాలో హార్వర్డ్ విద్యార్థులిద్దరు ఇలాంటి అద్దాలతోనే దారినపోయేవారి ముఖాలు పట్టి, ఇంటర్నెట్‌లో వెదికి, పేర్లూ చిరునామాలూ రాబట్టి చూపించారు. ప్రమాదం తెలియజెప్పడానికే లెండి.

చట్టం లేదా అంటే ఉంది. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను ప్రకారం స్నానంవంటి ఏకాంత సమయాల్లో స్త్రీని చాటుగా చిత్రిస్తే మొదటి నేరానికే ఏడాది నుంచి మూడేళ్ళ దాకా జైలు. నలుగురూ తిరిగే గెడ్డ ఒడ్డు అందులోకి వస్తుందా అన్నది వకీళ్ళు వాదించుకోవలసిందే. సంతలో కూర్చున్న మనిషికైతే ఆ సెక్షను అక్కరకు రాదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కన్నారు. బహిరంగ స్థలంలో ఉన్నంతమాత్రాన అది పోదని కూడా ఆ తీర్పులో ఉంది. ఆ తీర్పు పట్టుకుని అల్లం బుట్ట దగ్గర ఎవరు కొట్లాడతారు?

థింసా సంగతి వేరు. డబ్బిచ్చి ఆడించుకుంటాము, వాళ్ళూ తెలిసే ఆడతారు. ఆట అయ్యాక చెట్టుకింద కూర్చుని అన్నం తింటూంటే తీయడం మాత్రం ఆ బేరంలో లేదు. మన ఇళ్ళ ఆడవాళ్ళను రైలుపెట్టెలో ఎవడో ఫోటో తీస్తే ఊరుకుంటామా? ఆ రోషం అరకు దిగేసరికి ఎటుపోతుందో!

ఈసారి యాత్రకు వచ్చే కుర్రవాళ్ళతో ఒక మాట. అడిగి తీయండి. తీసింది వాళ్ళకే చూపించండి, వద్దంటే అక్కడే చెరిపెయ్యండి. అక్కడ ఆదివాసీ ఒడియా మాట్లాడేవారు చాలామంది, మన తెలుగు అందరికీ పట్టుబడదు. కనుక స్థానికులొకరిని వెంటబెట్టుకోండి. కళ్ళద్దాల కెమెరాలు మాత్రం బస్సులోనే వదిలి దిగవలసిందిగా కమిటీ తరఫున కోరుతున్నాము.