మరపు వచ్చిన పెద్దలు: ఇంటివారి ధర్మము, ఊరివారి ధర్మము



బంధువు పేరు తటాలున తోచకపోవుట వార్ధక సహజము. కన్నకొడుకునే ఎవరని యడుగుట వ్యాధి. దీనిని వైద్యులు డిమెన్షియా యందురు. మెదడులోని కణములు క్రమముగా చెడుటచే ఇది కలుగును. ఇందు ఎక్కువగా కనబడు అల్జీమర్స్ వ్యాధిని 1906లో ఆ పేరుగల జర్మను వైద్యుడు తొలుత వర్ణించెను. 2023లో వెలువడిన పరిశోధన ప్రకారము, భారతదేశమున 60 ఏండ్లు దాటినవారిలో సుమారు 88 లక్షలమందికి, అనగా నూటికి ఏడుగురికి పైగా, ఈ స్థితి కలదు. కనుక ఇది ఏ యొక్క ఇంటి కర్మఫలమో కాదు.

ఈ వ్యాధి తొలుత క్రొత్త పద్దులను చెరిపివేయును. పాత పద్దులు చాలకాలము నిలుచును. ఉదయము తిన్న అన్నము జ్ఞాపకముండదు. ఏబదియేండ్ల నాటి పెండ్లిపాట తడబాటు లేక వచ్చును. ఇట్టి యత్తగారు భోజనమైన కొంతసేపటికే వీధియరుగుపై కూర్చుండి, "కోడలు నాకు అన్నం పెట్టలేదమ్మా" యని పొరుగువారితో చెప్పును. అది ఆమె యాడు అబద్ధము కాదు. ఆమెకు తోచిన నిజము. విన్నవారు నమ్మి ఊరంతయు చాటుదురు. రాత్రులు నిద్రలేక సేవచేసిన కోడలు పగలు నింద మోయవలసి వచ్చును. ఆ నింద భరింపలేక ఇంటివారు పెద్దామెను లోపలిగదిలో నుంచి గొళ్లెము వేయుదురు. వ్యాధిని పూర్తిగా మాన్పు మందు నేటికిని లేదు. ఊరినోటిని మాన్పుట మాత్రము ఊరివారి చేతిలోనే యున్నది.

ఇంటివారు మొదట వైద్యునకు చూపవలెను. థైరాయిడ్ లోపము, బి12 విటమిను కొరత, దిగులుజబ్బు వీనివలన కలిగిన మరపు చికిత్సచే తగ్గవచ్చును. "ఇప్పుడేగా తిన్నారు" అని వాదింపరాదు. "అన్నం పొయ్యిమీద ఉంది అత్తయ్యా, ఈలోగా మజ్జిగ తాగండి" యనిన చాలును. స్నానము, భోజనము, నిద్ర నిత్యము ఒకే వేళకు జరుగవలెను. రాత్రి చిన్నదీప ముండవలెను. పురుగుమందు డబ్బా చేతికందరాదు. పూలు గ్రుచ్చుట, చింతపండు గింజ తీయుట వంటి చేతనైన పనిని మాన్పింపరాదు. జరిగిన సంగతి మరచినను, ఆదరించిన సంతోషము, కసరిన బాధ మనసు నంటియుండును.

ఇక ఊరివారి వంతు. "పుట్టింటికి పోతున్నా" నని సంజవేళ బయలుదేరిన వృద్ధురాలిని ఎగతాళి చేయరాదు. నాలుగడుగులు తోడునడచి, మాటలలో బెట్టి, ఇల్లు చేర్చవలెను. టీకొట్టువారికి, ఆటో నడుపువారికి, బడిపిల్లలకు ఈ సంగతి తెలిసియుండవలెను. వారమున కొకపూట పొరుగామె వచ్చి పెద్దామెకడ కూర్చున్నచో కోడలు కంటినిండ నిద్రించును. గ్రంథాలయములో పురాణపఠనము జరుగువేళ ఇట్టివారికొక కుర్చీ వేయవలెను. మనోవ్యథ మిక్కుటమైన ఇంటివారు 2022లో కేంద్రప్రభుత్వ మారంభించిన టెలీ మానస్ 14416 సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము ఊరివారందరిని ఒకచోట కూర్చుండబెట్టుచున్నది. వారినడుమ, తన పేరు తాను మరచిన పెద్దకును చోటుండుగాక.

స్వస్తి.