నేలకు దించిన బండి

అమెరికాదేశమున 1967 మొదలు 1972 వఱకు తయారైన షెవ్రొలే సీ-10 అను సరకుల మోటారుబండిని కొందఱు సొగసునకై నేలకు దించి నడుపుదురు. అందొక చిక్కు కలదు.

స్ప్రింగు బరువును మోయును. షాక్ అబ్జార్బరను నూనెగొట్టము ఊపు నణచును. దాని పైకొన చట్రమునకును, క్రిందికొన ఇరుసువైపునకును బిగింపబడును. బండిని 4 అంగుళములు దించిన, ఆ కొనల నడిమి యెడమును తగ్గును. గొట్టము ముందే ముడుచుకొనియుండును గనుక గోతిలో పడినంతనే అడుగంటును. నూనె కారును, లేదా బిగింపు చీలును.

కావున పై బిగింపును ఎత్తునకు మార్పవలెను, లేక పొట్టిగొట్టమును వేయవలెను. చోటుచాలక కొందఱు గొట్టమును ఏటవాలుగా బిగింతురు. నేను బడిలో చెప్పిన త్రికోణమితి యిచ్చట పనికివచ్చును. నిలువునుండి 45 డిగ్రీలు వాలినచో చక్రపు కదలికలో నూటికి 71 పాళ్లే గొట్టమున కందును. గొట్టపు బలములోను అన్నిపాళ్లే చక్రమును చేరును. అణచుశక్తి సగమగును.

బిగించుటకు ముందు చక్రమును పూర్తిగా ఎత్తియు, వ్రేలాడదీసియు కొలువవలెను. గొట్టము అడుగంటకమునుపే రబ్బరుదిమ్మ తాకవలెను. సొగసు కోరువాడు కోరుగాక! ఒక కొలతను మార్చినవాడు దాని నాశ్రయించిన కొలతల నన్నింటిని సరిచూడవలెను. బండిలో కూర్చున్నవారి ప్రాణములు ఆ బోల్టుపై నున్నవి.