కాలిన తీగ చెప్పు సాక్ష్యము



అనకాపల్లి జిల్లా మాకవరపాలెములో నాకు మేనమామ యొకరు కలరు. వారి యింట 2007వ సంవత్సరమున కొన్న పెట్రోలు కారొకటి నేటికిని తిరుగుచున్నది. నర్సీపట్నమున వైద్యుని చూడవలెనన్నను, అనకాపల్లి బెల్లపు మార్కెట్టునకు పోవలెనన్నను వారికి అదియే ఆధారము. ఒకనాటి యుదయమున నర్సీపట్నము పోవుచుండగా దాని ముందుమూత సందులనుండి సన్నని పొగ వెడలెను. మామ వెంటనే తాళము త్రిప్పి యింజనునాపి, మా అత్తను దింపి, దూరముగా నిలువబడెను. కొంతసేపటికి పొగ తానే యణగినది. మూతయెత్తి చూడగా, ఇంజను ప్రక్కనున్న యొక చిన్న పరికరమునకు పోవు రెండు తీగలలో నొకటి నల్లగా మాడి, దాని పైతొడుగు కరగి కారియుండెను.

నన్ను పిలిపించి ఆయన యడిగిన ప్రశ్న యిది: "ఏమల్లుడూ, ఈ తీగ కోసి క్రొత్తతీగ కలిపిన చాలదా?"

చాలదంటిని. ఏల చాలదో చెప్పుటకే నేడు మీ యెదుటికి వచ్చితిని.

మొదట ఆ పరికరమేమో తెలిసికొందము. ట్యాంకులోని పెట్రోలు ఎండవేడిమికి ఆవిరియగుచుండును. పూర్వపు బండ్లలో ఆ యావిరి గాలిలో గలిసిపోయెడిది. అది ఊపిరికి మంచిది కాదు, నిప్పునకు చేరువ. 2000 ఏప్రిల్ మొదలు దేశమంతట వాయుకాలుష్య నియమములు దశలవారీగా బిగియుచు వచ్చినవి. ఇట్టి కారులలో ఆవిరిని వెలికి పోనీయక, బొగ్గురవ నింపిన యొక డబ్బాలో పట్టి యుంచుదురు. ఇంజను వేడెక్కిన పిమ్మట దానిని లోనికి బీల్చి దహించుదురు. డబ్బాకును ఇంజనుకును నడుమ చెఱువు తూమునకు తలుపువలె నొక మూత యుండును. దానిలో రాగితీగ చుట్ట యున్నది. విద్యుత్తు పారినప్పుడది అయస్కాంతమై మూతను లాగును. ఆగినప్పుడు మూత మరల పడును. దీనినే మెకానిక్కులు సొలెనాయిడ్ అందురు.

దానికి రెండు తీగలు. ఒకటి బ్యాటరీనుండి ఫ్యూజు మీదుగా వచ్చును. తాళము త్రిప్పగనే దీనిలో 12 వోల్టులుండును. రెండవది కారులోని కంప్యూటరునకు పోవును. మూత తెరువవలసినప్పుడు కంప్యూటరు ఆ రెండవ తీగను బండి లోహశరీరముతో కలిపి, విడిచి, మరల కలుపుచుండును. ఈ భేదము గుర్తుంచుకొనుడు. ముందు పని కలదు.

ఇక చిన్న లెక్క. చాల కారులలో ఆ చుట్ట నిరోధము సుమారు 30 ఓములు. పండ్రెండును ముప్పదిచే భాగించిన 0.4 ఆంపియరు వచ్చును. ఇంత స్వల్పప్రవాహమునకు ఆ తీగ గోరువెచ్చగానైన కాదు. మరి కాలినదేల? ఎక్కడనో పెద్దప్రవాహము పారినది, లేదా వెలుపలి వేడి తగిలినది. ఆ కారణమును వెదకక క్రొత్తతీగ వేయుట, గండిని పూడ్చక మడికి నీరు పెట్టుట వంటిది.

కాలిన తీరే కారణమును చాలవరకు చెప్పును. తీగ యొక ప్రక్కనే, జానెడు మేర మాత్రమే కరగినచో, పొగగొట్టపు వేడి తగిలినదని యూహింపవచ్చును. సొలెనాయిడ్ దగ్గరి కనెక్టరు మాత్రమే గోధుమరంగు తిరిగి పెళుసెక్కినచో, లోపలి లోహపుపిన్ను తుప్పుపట్టి సడలి, అచ్చట వేడి పుట్టినది. తీగ పొడవునా తొడుగు ఉబ్బి మాడినచో, అది మోయలేని ప్రవాహము పారినట్లే. మామకారులో తీగ ఇట్లే పొడవునా మాడినది. అదియు బ్యాటరీనుండి వచ్చు తీగయే. రెండవ తీగ చెక్కుచెదరలేదు. అది శరీరమునకు తగిలినను ప్రవాహము చుట్టగుండా పోవలసినదే కనుక కాలదు. మూత యెల్లప్పుడు తెరచియుండి ఇంజను నిలకడ తప్పునంతే. మొదటి తీగ తగిలినచో నడుమ నడ్డు లేదు.

అడ్డు లేదంటినిగాని, ఫ్యూజు ఉండవలె గదా! పెట్టె తెరచి చూచితిని. కాలిపోయిన ఫ్యూజు కాళ్లకు సిగరెట్టుపెట్టెలోని వెండికాగితము చుట్టబడియున్నది. ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఫ్యూజుతీగ మాటిమాటికి పోవుచున్నదని నాలుగు పేటల రాగితీగ మెలిపెట్టి, ఆపై పొలములో మోటారు వైండింగు మాడినదని యేడ్చినవారిని మనమెరుగుదుము. ఇదియు నదియే. "నెల క్రిందట నేనే చుట్టితిని" అని మామ నేలచూపు చూచెను. ఆనాడు ఫ్యూజు పోయినప్పుడే తీగ తగులుచున్నదని కబురు వచ్చినది. కబురు తెచ్చినవాని నోరు కట్టిరి.

పని యిట్లు సాగినది. ముందుగా ఇంజను చల్లారనిచ్చి, బ్యాటరీ ఋణధ్రువము విప్పితిమి. దగ్గర బీడీ యుండరాదంటిని. డబ్బాగొట్టములలో పెట్రోలావిరి యుండును. కనెక్టరు ఊడదీసి సొలెనాయిడ్ రెండు పిన్నుల నడుమ మల్టీమీటరు పెట్టగా 31 ఓములు చూపినది. చుట్ట క్షేమము. మీటరు ఏమియు చూపనిచో చుట్ట తెగినట్లు. సున్నకు చేరువగా చూపినచో మాడినట్లు, అప్పుడు సొలెనాయిడ్ మార్చవలసినదే. తీగవెంట వ్రేలితో తడవుకొనుచు పోగా, బ్యాటరీ వెనుక మూల నొకచోట తొడుగు కొరుకబడి రాగి బయటపడి రేకునకు ఆనుచున్నది. ప్రక్కన తవుడు రాలియున్నది. కారు నిలుపు పాకలోనే మామ తవుడుబస్తాలు పెట్టెడివాడు.

మాడిన రాగి అతుకునకు పనికిరాదు. మెరయు రాగి కనబడువరకు రెండువైపుల కోసి, అంతే లావు గల తీగ వేసితిమి. ఆవిరి భయమున కాల్చి యతుకక, గొట్టపుముక్కలో నొక్కి బిగించు అతుకు వేసి, పైన ముడుచుకొను తొడుగు తొడిగితిమి. వట్టి టేపు ఇంజను వేడికి జిగురు కారి యూడును. ఇంజను కదలిక కొరకు తీగను కొంచెము వదులుగా విడిచి, పొగగొట్టమునకు దూరముగా కట్టితిమి.

మా మామ మధ్యలో మరియొక యుపాయము చెప్పెను. "ఆ చిన్నది తీసివైచి, రెండు తీగలు కలిపి ముడివేసిన పోదా? ఆవిరి కొంత గాలిలో గలిసిన నేమి?" అట్లు చేసినచో చుట్ట అడ్డు లేక 12 వోల్టులు తిన్నగా కంప్యూటరులోనికి పోవును. లోపలి చిన్నతలుపు మాడును. తీగ ఖర్చుతో పోవు పని కంప్యూటరు ఖర్చునకు ఎక్కును. పొగ పరీక్ష చేయువాడు దీనిని కనిపెట్టునా యనిన, కనిపెట్టడు. అతడు పొగగొట్టము చివర చూచును గాని, ట్యాంకు ఆవిరి అతని యంత్రమునకు అందదు. పరీక్షాపత్రము చేతిలో నున్నంత మాత్రమున బండి క్షేమమని నమ్మకుడు.

క్రొత్త ఫ్యూజు వెంటనే పెట్టలేదు. ఆ ఫ్యూజు మీదనున్న తక్కిన పరికరములను విడదీసి, ఫ్యూజు స్థానమున ఒక 12 వోల్టుల బల్బు తగిలించి, బ్యాటరీ కలిపి తాళము త్రిప్పితిమి. తీగ ఇంకను ఎక్కడనైన శరీరమునకు తగులుచున్నచో బల్బు నిండుగా వెలుగును; కాలునది బల్బే గాని తీగ కాదు. బల్బు వెలుగలేదు. అప్పుడు పెట్టెమూత లోపల వ్రాసియున్న అంకెగల ఫ్యూజునే పెట్టితిని. ఒక మెట్టు హెచ్చుది కాదు. ఇంజను వేడెక్కిన తరువాత సొలెనాయిడ్ పై చేయి వేయగా చిన్న టకటక తగిలెను. చల్లని ఇంజనులో అది పలుకదు. దానిని జూచి పాడయినదని భ్రమపడకుడు.

మామ వెండికాగితమును పొయ్యిలో వైచి, అదే అంకెగల ఫ్యూజులు రెండు కొని కారు సొరుగులో పెట్టుకొనెను. తవుడుబస్తాలు పెరటిగదికి మారినవి. ఎలుక మాత్రము ఇంకను దొరకలేదు.