పేటెంటు పత్రాలు కూడా పంచాంగమే



పంచాంగ శ్రవణంలో ఆదాయ వ్యయాలు విన్నాము. ఈ అత్తిబెలె పారిశ్రామికవాడలో చిన్న కార్ఖానాలు నడుపుకొనే మనవారు చూడవలసిన పంచాంగం మరొకటి ఉన్నది. అవే పేటెంటు పత్రాలు.

కొత్తది కనిపెట్టినవానికి ప్రభుత్వం దరఖాస్తునాటినుంచి 20 ఏండ్లు హక్కు ఇస్తుంది. బదులుగా అతడు కిటుకు విప్పి చెప్పాలి. సాధారణంగా 18 నెలలకు అది ప్రచురితమవుతుంది. ఎవరైనా ఉచితంగా చదువవచ్చు.

ఈ చదువు ఫలితమేమిటో హైదరాబాదు చూపింది. కల్లం అంజిరెడ్డిగారు 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ అమెరికా పేటెంట్ల గడువులను, వ్యాజ్యాలను కనిపెట్టి ఉండి, 2001 ఆగస్టులో ఫ్లూయాక్సెటిన్ 40 మిల్లీగ్రాముల మందును 180 రోజుల ప్రత్యేక హక్కుతో అక్కడ విడుదల చేసింది.

కనుక మా మనవి ఒక్కటే. అప్పు చేసి అచ్చులు చేయించకముందే, పిల్లలు పరిశోధనాంశం ఎన్నుకోకముందే ఆ పత్రాలు వెదకండి. గడువు తీరిన కిటుకు అందరిదీ. దరఖాస్తులు గుంపుగా పెరిగినచోట పోటీ తెలుస్తుంది. ఎవరూ విప్పని చిక్కు ఉన్నచోట మనకు తావు దొరుకుతుంది. ఇటీవలి దరఖాస్తులు ఇంకా కనబడవు గనుక ఒకసారి చూచి ఊరుకోరాదు.

వేపపువ్వు చేదును సంవత్సరాదినాడే రుచి చూచేవాళ్లము మనము. పెట్టుబడికి ముందే చేదు తెలిసికొనుట మేలు కాదా?