ప్రోటాన్ సైజు 4 శాతం ఎలా తగ్గింది?

ఈరోజు మొత్తం ఎపిసోడ్ ఒక్క నంబర్ మీదే. 0.88 ఆ? 0.84 ఆ? చూడ్డానికి ఎంత చిన్న తేడా! కానీ దీని మీద ఫిజిక్స్ వాళ్ళు దాదాపు పదేళ్ళు బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. మనకి తెలిసిన ఫిజిక్స్ రూల్సే తప్పేమో అన్నంత వరకూ వెళ్ళింది మ్యాటర్. ఆ నంబర్ ప్రోటాన్ రేడియస్, ఫెంటోమీటర్లలో. ఒక మిల్లీమీటర్‌ని లక్ష కోట్ల ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక ఫెంటోమీటర్.

హైడ్రోజన్ పరమాణువు తీసుకోండి. దాని కేంద్రకం అంటే ఒకే ఒక్క ప్రోటాన్. ఆ ప్రోటాన్‌ని ఆవగింజంత చేసి క్రికెట్ గ్రౌండ్‌లో పిచ్ మధ్యలో పెడితే, ఎలక్ట్రాన్ ఎక్కడో బౌండరీ రోప్ దగ్గర తిరుగుతూ ఉంటుంది. మధ్యలో అంతా ఖాళీ.

మరి ఆ ఆవగింజని కొలిచేదెలా? మైక్రోస్కోప్ పనికిరాదు. మన కంటికి కనిపించే కాంతి తరంగం పొడవే ప్రోటాన్ కంటే కోట్ల రెట్లు ఎక్కువ. అందుకని ఏదో ఒకటి విసిరి, అది ఎటు తిరిగి వస్తుందో చూడాలి. రూథర్‌ఫర్డ్ గోల్డ్ ఫాయిల్ కథ ఇంటర్‌లో చదివే ఉంటారు, 1911లో కేంద్రకం ఉందని తేల్చాడు. కానీ ఆయన ఆల్ఫా కణాలు బంగారం కేంద్రకానికి 30 ఫెంటోమీటర్ల దూరం దాకా వెళ్ళి వెనక్కి తిరిగేశాయి. అంటే కేంద్రకం అంతకంటే చిన్నదని మాత్రమే తెలిసింది. అసలు సైజు 7 దగ్గర ఉంటుంది.

లోపలికి తొంగి చూసింది రాబర్ట్ హాఫ్‌స్టాటర్. 1950లలో స్టాన్‌ఫర్డ్‌లో స్పీడు ఎలక్ట్రాన్లని కేంద్రకాల మీదకి పంపాడు. ఎలక్ట్రాన్‌కి కేంద్రక బలం అంటదు, ఛార్జ్ ఒక్కటే తెలుస్తుంది, అందుకే లోపలి దాకా దూరిపోతుంది. అక్కడ తేలిందేంటంటే, కేంద్రకానికి బంతిలాగా గట్టి అంచు లేదు. సాంబ్రాణి పొగ ఎక్కడ ఆగిపోతుందో వేలుపెట్టి చూపించగలరా? ఇదీ అంతే. మధ్యలో దట్టంగా, బయటికి వచ్చే కొద్దీ పల్చగా. కాబట్టి రేడియస్ అంటే అంచు దాకా దూరం కాదు, ఛార్జ్ ఎంత మేర పరుచుకుందో చెప్పే ఒక రకం సగటు. 1961లో ఆయనకి నోబెల్ వచ్చింది.

రెండో పద్ధతిలో ఏదీ విసరక్కర్లేదు. హైడ్రోజన్‌లో ఉన్న ఎలక్ట్రాన్ అప్పుడప్పుడు ప్రోటాన్ లోపల కూడా ఉంటుంది. లోపల ఉన్నప్పుడు దాని మీద లాగుడు కాస్త తగ్గుతుంది, దాంతో ఎనర్జీ లెవెల్ చాలా కొంచెం జరుగుతుంది. ఆ జరుగుడుని లేజర్‌తో కొలిస్తే ప్రోటాన్ సైజు లెక్కకట్టొచ్చు. రెండు పద్ధతులూ పూర్తిగా వేరు. రెండూ 0.88 దగ్గరే చెప్పాయి. రెండు టెస్టులు పాస్ అయ్యాక ఎవరైనా ఏం చేస్తారు? టికెట్ క్లోజ్ చేస్తారు.

స్విట్జర్లాండ్‌లో పాల్ షెరర్ ఇన్‌స్టిట్యూట్ అని ఒకటి ఉంది. అక్కడ రాండాల్ఫ్ పోల్ వాళ్ళ టీమ్ ఎలక్ట్రాన్ ప్లేస్‌లో మ్యూఆన్‌ని పెట్టింది. మ్యూఆన్ అంటే ఎలక్ట్రాన్‌కి బరువైన అన్నయ్య అనుకోండి. ఛార్జ్ అదే, బరువు మాత్రం 207 రెట్లు. బరువు ఎక్కువ కాబట్టి ప్రోటాన్‌కి దాదాపు 200 రెట్లు దగ్గరగా తిరుగుతుంది. ప్రోటాన్ లోపల దొరికే అవకాశం 60 లక్షల రెట్ల పైనే పెరుగుతుంది. అంటే సైజు ఎఫెక్ట్ చాలా పెద్దగా కనిపిస్తుంది.

కష్టమేంటంటే మ్యూఆన్ బతికేదే సగటున 2.2 మైక్రోసెకన్లు. అది రావాలి, హైడ్రోజన్‌లో ఆగాలి, మైక్రోసెకను లోపే లేజర్ దాన్ని కొట్టాలి. కరెక్ట్ ఫ్రీక్వెన్సీ తగిలితేనే ఒక ఎక్స్‌రే బయటికి వస్తుంది. 2003లో ట్రై చేశారు, ఏమీ రాలేదు. 2007లోనూ అంతే. ఎక్విప్‌మెంట్ సరిగ్గా లేదేమో అని లేజర్ మార్చుకున్నారు. కానీ అసలు సంగతి వేరే. 0.88 అయితే సిగ్నల్ ఎక్కడ ఉండాలో లెక్క ఉంది కదా, ఆ చుట్టుపక్కలే వెతుకుతున్నారు! 2009లో రేంజ్ పెంచి పక్కకి వెళ్తే దొరికింది. 2010 జులైలో నేచర్ పత్రికలో వచ్చిన వాల్యూ 0.8418. పాతదానికి 4 శాతం తక్కువ. ఎర్రర్ బార్స్‌తో సర్దుకుపోయే తేడా కాదు.

ఇక్కడే టెన్షన్ మొదలైంది. మన థియరీ ప్రకారం ఎలక్ట్రాన్‌కీ మ్యూఆన్‌కీ బరువులో తప్ప తేడా ఉండకూడదు. ఒకే ప్రోటాన్ ఇద్దరికీ వేరే సైజులో కనిపిస్తే, మనకి తెలియని కొత్త బలం ఏదో మ్యూఆన్‌ని లాగుతున్నట్టే. ఆ ఆశతో బోలెడన్ని పేపర్లు వచ్చాయి.

తర్వాత మామూలు ఎలక్ట్రాన్‌తోనే మళ్ళీ కొలవడం మొదలుపెట్టారు. 2017లో జర్మనీలోని గార్చింగ్ టీమ్ 0.83 అంది. 2018లో పారిస్ టీమ్ 0.877 అంది, అంటే మళ్ళీ పాతదే! 2019లో టొరంటోలోని యార్క్ యూనివర్సిటీ టీమ్ 0.833 అంది. అదే ఏడాది అమెరికాలో జెఫర్సన్ ల్యాబ్ ఎలక్ట్రాన్లని విసిరి 0.831 అంది. వాళ్ళ ట్రిక్ నాకు చాలా నచ్చింది. హైడ్రోజన్ గ్యాస్‌ని పెట్టే పాత్రకి బీమ్ దారిలో కిటికీ రేకులే లేకుండా చేశారు, ఆ రేకులకి తగిలి వచ్చే చెత్త డేటా ఉండకూడదని. అఫీషియల్ వాల్యూల లిస్ట్ కోడేటా కూడా 2018 ఎడిషన్‌లో 0.8414కి మారిపోయింది.

అయితే కేసు క్లోజా? పూర్తిగా కాదు. 2022లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 0.858 అన్నారు, సరిగ్గా మధ్యలో! నా ఓటు మాత్రం 0.84కే. కొత్త బలం కథ కంటే పాత కొలతల్లో చిన్న చిన్న లోపాలు దాక్కుని ఉండటమే ఎక్కువ నమ్మేలా ఉంది. కానీ ఆ లోపం ఏంటో పాత ప్రయోగాలన్నిటికీ వర్తించేలా ఒక్క మాటలో చెప్పినవాళ్ళు నాకైతే కనపడలేదు. పాల్ షెరర్‌లోనే మ్యూజ్ అనే ప్రయోగంలో ఒకే సెటప్ నుంచి ఎలక్ట్రాన్లనీ మ్యూఆన్లనీ రెండిటినీ ప్రోటాన్ మీదకి విసురుతున్నారు, పక్కపక్కన పెట్టి పోల్చడానికి. ఆ రిజల్ట్ వచ్చాక దాని మీద ఇంకో వీడియో చేద్దాం.